అంతా నార్మల్

పోయినేడు మార్చిలో ఒక మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని ఉండగా ఎడమచేతికి చొక్కా గుచ్చుకుంటున్నట్టు అనిపించింది. మెడ దగ్గర లేబుల్ గీరుకోవడం లాంటిది కాదు. రోజంతా ఎండలో క్రికెట్ ఆడొచ్చాక, కమిలిన భుజం మీద ఎవరైనా చెయ్యేస్తే ఎలా ఉంటుందో అలా, బట్ట తగిలిన ప్రతిచోటా. బాత్రూంలోకి వెళ్ళి చొక్కా విప్పి అద్దంలో చూసుకున్నాను. దద్దుర్లు లేవు, ఎరుపు లేదు, చీమ కుట్టిన గుర్తు కూడా లేదు. మామూలు చెయ్యి. మళ్ళీ చొక్కా తొడుక్కుని మీటింగ్‌కి వెళ్ళిపోయాను.

నెల తిరిగేసరికి రెండు చేతులూ, వీపూ. ఇంకో రెండు వారాలకి తొడలూ కాళ్ళూ. విచిత్రం ఏంటంటే గట్టిగా నొక్కితే ఏమీ ఉండదు. మెల్లగా తగిలితేనే. ఫ్యాన్ గాలి, దుప్పటి అంచు, మా పాప వేళ్ళు. పాప పరిగెత్తుకొచ్చి గుద్దుకుంటే ఫర్వాలేదు, ప్రేమగా చెయ్యి నిమిరితే ప్రాణం పోతుంది. నాలుగేళ్ళ పిల్లకి ఈ తేడా ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు తెలీదు.

వైద్యంలో దీన్ని అలోడీనియా అంటారు. నొప్పి పుట్టించకూడనిది నొప్పి పుట్టించడం అని అర్థం. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు హమ్మయ్య, దీనికో పేరుంది అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది కారణం పేరు కాదు. నేను తెలుగులో చెప్పిందాన్నే గ్రీకులో నాకు తిరిగి చెప్పారు, అంతే.

చర్మం కాబట్టి ముందు చర్మం డాక్టరు. ఆయన లెన్సు పెట్టి చూసి, సబ్బు మార్చమన్నారు. తర్వాత ఫిజీషియన్. రక్తం తీసి సీబీపీ, షుగరు, మూడు నెలల సగటు షుగరు, థైరాయిడ్, బీ12, విటమిన్ డీ, ఏఎన్ఏ అన్నీ చేయించారు. అన్నీ సరైన అంకెల మధ్యలోనే ఉన్నాయి. ఆవిడ ఫైలు మూసి నవ్వుతూ ‘అంతా నార్మల్, సంతోషించండి’ అన్నారు. నేనూ నవ్వాను. బయటికొచ్చి పార్కింగ్‌లో కారు స్టార్ట్ చెయ్యకుండా పది నిమిషాలు కూర్చున్నాను. పరీక్షలో ఏదో ఒక జబ్బు తేలితే బావుండు అని మనస్ఫూర్తిగా కోరుకున్నది జీవితంలో అదే మొదటిసారి. ఇది బయటికి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ఇలాంటి బాధ పడ్డవాళ్ళు ఎవరినడిగినా ఇదే చెప్తారు.

మా పనిలో ఒక మాట ఉంది: ‘కెనాట్ రీప్రొడ్యూస్’. యూజర్ ఏదో తప్పు జరుగుతోందని టికెట్ పెడతాడు. మేము మా మెషీన్ మీద అదే చేసి చూస్తాం. బానే పనిచేస్తుంది. ఆ రెండు మాటలు రాసి టికెట్ మూసేస్తాం. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఎన్ని మూశానో లెక్కలేదు. ఒక్కటి మాత్రం గుర్తుంది. ఒకాయన అదే టికెట్‌ని నాలుగుసార్లు తెరిచాడు. ఐదోసారి విసుగొచ్చి స్క్రీన్‌షాట్లు అడిగితే తెలిసింది, ఆయన ఫోన్లో భాష తెలుగు పెట్టుకున్నాడు. మేమందరం, తెలుగు వాళ్ళం, ఇంగ్లీషు పెట్టుకుని టెస్ట్ చేస్తున్నాం. అప్పట్లో అది టీమ్‌లో జోకు. ఇప్పుడు తల్చుకుంటే అంత నవ్వు రావట్లేదు.

ఎందుకంటే డాక్టరు గదిలో కూడా జరిగేది అదే. మా ఇద్దరికీ మాతృభాష తెలుగే. అయినా కుర్చీలో కూర్చోగానే నాకు ఇంగ్లీషే వస్తుంది. ‘బర్నింగ్ సెన్సేషన్’ అంటాను. ఆవిడ రాసుకుంటారు. కానీ నాకున్నది బర్నింగ్ ఒక్కటే కాదు. పొద్దున చిమచిమలాడుతుంది, ఎండెక్కేకొద్దీ సుర్రుమంటుంది, సాయంత్రం మండుతుంది, రాత్రి ఒక్కోసారి జివ్వుమని లాగుతుంది. పుండైతే సలుపుతుంది, పన్నైతే పోటు, కాళ్ళైతే పీకుతాయి, నడుమైతే కలుక్కుమంటుంది, కడుపైతే మెలిపెడుతుంది. తెలుగులో ఒంట్లో ప్రతి భాగానికీ దాని సొంత క్రియ ఉంది. వర్జీనియా వూల్ఫ్ 1926లో జబ్బు పడటం గురించి ఒక వ్యాసం రాస్తూ, పెద్ద పెద్ద భావాలన్నీ పలికించే ఇంగ్లీషుకి ఒంటి నొప్పి దగ్గరికొచ్చేసరికి మాటలు చాలవని వాపోయింది. ఆవిడ మా నాయనమ్మతో అరగంట కూర్చోవాల్సింది.

మన దగ్గర ఇది కొత్త సంగతి కూడా కాదు. సుశ్రుతుడు సూత్రస్థానంలో వ్రణాల గురించి చెప్తూ నొప్పుల్ని వరసపెట్టి పేర్కొంటాడు. పొడిచినట్టుండేది, చీల్చినట్టుండేది, చిలికినట్టుండేది, కాల్చినట్టుండేది. ఆ జాబితాలో ‘చుముచుమాయనం’ అని ఒకటుంది. అది చదివి ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. ఆ చప్పుడు తెలుగు చెవికి కొత్తది కాదు. 1975లో రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వవేత్త కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఇంచుమించు ఇలాంటి పనే చేశాడు. నొప్పిని చెప్పే 78 ఇంగ్లీషు మాటల్ని 20 గుంపులుగా విడదీసి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. అది ఉంది కానీ ఓపీలో దానికి టైము ఎక్కడిది? నన్నడిగింది ఒకటే: ‘సున్నా నుంచి పది దాకా ఎంత?’

మొదట్లో నిజాయితీగా ఐదు అని చెప్పేవాణ్ణి. ఐదుకి ఎవరూ తల ఎత్తరు. మూడో డాక్టరు దగ్గరికొచ్చేసరికి ఏడు అన్నాను. అబద్ధమే. ఆఫీసులో ఇంకో రకం అబద్ధం. ఒకరోజు లంచ్‌లో ఎవరో జోకేస్తే గట్టిగా నవ్వాను. పక్కనున్నతను ‘ఇవాళ బానే ఉన్నావుగా’ అన్నాడు. మంచిగానే అన్నాడు. అప్పట్నుంచి సెలవు పెట్టిన మర్నాడు నవ్వకుండా జాగ్రత్తపడేవాణ్ణి. నొప్పి ఉంది కాబట్టి నొప్పి ఉన్నట్టు నటించాల్సి రావడం అనే ఈ పరిస్థితికి తెలుగులో కూడా మాట లేదు. అనుమానించేవాళ్ళు నటనని కనిపెట్టేస్తారంటారు. ఆ నటన పుట్టడంలో వాళ్ళ చెయ్యి ఎంతుందో మాత్రం ఎవరూ లెక్కెయ్యరు.

ఈ విషయం మీద చదవడం మొదలుపెడితే విట్గెన్‌స్టైన్‌ని తప్పించుకోలేం. 1953లో, ఆయన పోయాక అచ్చైన పుస్తకంలో ఒక పురుగు పెట్టె కథ ఉంది. అందరి దగ్గరా ఒక్కో పెట్టె ఉంటుంది. అందులో ఉన్నదాన్ని అందరూ ‘పురుగు’ అనే అంటారు. ఎవరి పెట్టెలోకి వాళ్ళే చూసుకోగలరు, ఇంకొకళ్ళ పెట్టెలోకి తొంగిచూడటం కుదరదు. అప్పుడు ఒక్కో పెట్టెలో ఒక్కోటి ఉండొచ్చు, అసలేమీ లేకపోవచ్చు. అయినా ‘పురుగు’ అన్న మాట మనుషుల మధ్య చెలామణీ అవుతూనే ఉంటుంది. ఇంజనీరింగ్ మూడో ఏడు హాస్టల్లో ఇది చదివినప్పుడు భలే పజిల్ అనుకున్నాను. ఇప్పుడు నా పెట్టెలో నిజంగానే పురుగుంది. ఎవరి పెట్టె వాళ్ళది అన్న ఊహ ఆటలా అనిపించట్లేదు. ఎలైన్ స్కారీ 1985లో నొప్పి మీద రాసిన పుస్తకం దీన్నే ఇంకా సూటిగా పట్టుకుంటుంది. పడేవాడికి అంతకంటే ఖాయమైన సంగతి లోకంలో ఇంకోటి ఉండదు, వినేవాడికి అనుమానించడానికి అంతకంటే అనువైన సంగతీ ఉండదు. ఒకే సంగతి, ఒకే గది, ఇద్దరు మనుషులు.

సరే, పెట్టెలోకి చూడలేం. మరి ఎవరి మాట నమ్మాలన్నది ఎలా నిర్ణయిస్తున్నాం? ఇక్కడ నాకు ఒక డాక్టరు కథ బాగా పనికొచ్చింది.

అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా ఫిలడెల్ఫియాలో నరాల గాయాల కోసం ఒక ఆసుపత్రి ఉండేది. అక్కడ పనిచేసిన వీర్ మిచెల్ 1864లో ఇంకో ఇద్దరు డాక్టర్లతో కలిసి తుపాకి గాయాల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. తూటా తగిలి, గాయం మానిపోయి, పైకేమీ కనపడకపోయినా చర్మం భగభగమండే సైనికుల గురించి అందులో ఉంది. ఆ మంటకి తర్వాత కాజాల్జియా అని పేరొచ్చింది. దుప్పటి తగిలితే ఓర్చుకోలేరు, చర్మం పొడిగా ఉంటే ఓర్చుకోలేరు. ఎప్పుడూ తడిగుడ్డ చుట్టుకునే ఉంటారు. నడిచేటప్పుడు రాపిడి తగలకుండా కొందరు బూట్లలో నీళ్ళు పోసుకునేవాళ్ళట. మిచెల్ వాళ్ళని నమ్మాడు. ఊరికే కాదులెండి, జబ్బు నటించే సైనికుల్ని ఎలా పట్టుకోవాలో కూడా అదే ముగ్గురు అదే ఏడాది ఒక వ్యాసం రాశారు. అనుమానం తెలిసిన మనిషే. అయినా నమ్మాడు.

అదే మిచెల్ దగ్గరికి 1887లో షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ వెళ్ళింది. బిడ్డ పుట్టాక పట్టుకున్న దిగులుతో. ఆయన తన ప్రసిద్ధమైన విశ్రాంతి చికిత్స ఇచ్చి, ఇంటిపట్టున ఉండమని, కలం ముట్టుకోవద్దని చెప్పి పంపాడు. పిచ్చెక్కే అంచుదాకా వెళ్ళానని ఆవిడే తర్వాత రాసుకుంది. 1892లో అచ్చైన ‘ది యెల్లో వాల్‌పేపర్’ కథ అందులోంచి పుట్టిందే. ఆ కథని నేను డిగ్రీ రోజుల్లో చదివి, భర్త క్రూరుడు అని తేల్చేసుకున్నాను. ఈమధ్య మళ్ళీ చదివితే భర్త క్రూరుడేమీ కాదు. డాక్టరు, ప్రేమగల మనిషి, భార్యని ఎత్తుకుని మేడ మీదికి తీసుకెళ్తాడు. అతని ఇబ్బందల్లా ఒకటే, ఆమెకేమీ లేదని అతనికి తెలుసు. ‘అంతా నార్మల్, సంతోషించండి’ అన్న గొంతు అక్కడ నాకు స్పష్టంగా వినిపించింది. సైనికుడికీ గిల్మన్‌కీ తేడా పెట్టెలో ఏముందన్నది కాదు. సైనికుడికి ఒకప్పుడు తూటా తగిలింది. గాయం మానినా దాని వెనక ఒక యుద్ధం ఉంది, ఒక మగవాడున్నాడు.

నేను మగవాణ్ణే, పైగా ఇన్సూరెన్స్ కార్డున్నవాణ్ణి. అయినా నాకు ఇంత కష్టమైతే, అనుకుంటూ ఆ పేజీలు తిరగేస్తున్నాను. కానీ నిజం చెప్పాలంటే నా ఆలోచన బూట్లలో నీళ్ళ దగ్గరే ఆగిపోయింది.

మా నాయనమ్మ ఆఖరి నాలుగేళ్ళు గుడివాడ దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లోనే ఉంది. నేను అప్పుడు ఇంటర్. సాయంత్రం అయ్యేసరికి ‘అరికాళ్ళు మండుతున్నాయిరా, నిప్పులు పోసినట్టుంది’ అనేది. వరండాలో గచ్చు మీద చెంబుతో నీళ్ళు పోసుకుని కాళ్ళు ఆ తడిలో పెట్టుకుని కూర్చునేది. రాత్రి తువ్వాలు తడిపి పాదాలకి చుట్టుకునేది. దుప్పటి కప్పితే తన్నేసేది. మేమందరం తిట్టేవాళ్ళం. జలుబు చేస్తుంది, జారిపడతావు, గచ్చు పాడవుతుంది. మా బాబాయి అయితే ‘ఎవరైనా పలకరిస్తే మంట, లేకపోతే లేదు’ అని నవ్వేవాడు. ఒకసారి ఆవిడ చూడట్లేదనుకుని పాదం మీద వేలు ఆనించి చూశాను, నిజంగా నొప్పేనా అని. ‘అబ్బా’ అని కాలు లాక్కుంది. నేను నమ్మలేదు. నేను అక్కడున్నానని తెలిసే అరిచిందనుకున్నాను. పదిహేడేళ్ళవాడికి అంత తెలివి ఎక్కడినుంచి వస్తుందో.

ఆవిడకి షుగరు ఉండేది. ఇరవై ఏళ్ళ నుంచి. షుగరు వల్ల పాదాల నరాలు దెబ్బతిని ఇలాంటి మంట రావడం వైద్యంలో అన్నిటికన్నా మామూలు సంగతి, దానికి మందులూ ఉన్నాయి. అంటే ఆవిడది అంతుపట్టని నొప్పి కూడా కాదు. అంతుపట్టించుకోవడానికి ఎవరూ ఓపిక పట్టలేదు.

దీని తర్వాత ‘కాబట్టి ఎవరు నొప్పి అన్నా నమ్మేయాలి’ అని రాసేస్తే వ్యాసం ఇక్కడితో అయిపోయేది. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఒకటుంది. 2020లో వాళ్ళు నొప్పి నిర్వచనాన్ని తిరగరాస్తూ, ఒక మనిషి నొప్పి అని చెప్తే ఆ మాటని గౌరవించాలని వివరణలో చేర్చారు. మంచి మాటే. కానీ నన్ను వెంటనే, పూర్తిగా నమ్మినవాడొకడున్నాడు. ఒక వెల్‌నెస్ సెంటర్ ఆయన. 50 నిమిషాలు చెప్పింది విన్నాడు. ‘మీరు చెప్పేది నూటికి నూరుపాళ్ళు నిజం, మీ రిపోర్టులే తప్పు’ అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒంట్లో టాక్సిన్లు పేరుకున్నాయన్నాడు. 38 వేల ప్యాకేజీ. కట్టాను. రెండు నెలలు ఏవో రసాలు తాగాను. ఆ 50 నిమిషాల్లో ఆయన నన్నడగనిది ఏంటో తర్వాతెప్పుడో తట్టింది. ఏ చెయ్యి అని అడగలేదు. ఎప్పుడు ఎక్కువ, దేనికి ఎక్కువ అని అడగలేదు. ముట్టుకుని చూడలేదు. నమ్మకం అమ్మేవాడికి సరుకు గురించి ప్రశ్నలతో పనిలేదు.

ఆ తర్వాత వెళ్ళిన న్యూరాలజిస్టు దీనికి పూర్తిగా తలకిందులు. మాట కటువు. దూదిపోగుతో ఒకచోట, టూత్‌పిక్‌తో ఇంకోచోట ముట్టుకుంటూ కళ్ళు మూసుకుని చెప్పమన్నారు. ఒకే ప్రశ్న మూడు రకాలుగా అడిగారు, నేను మాట మారుస్తానేమో చూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. ‘సైకియాట్రిస్టుకి ఎప్పుడైనా చూపించారా?’ అని కూడా అడిగారు. కోపం వచ్చింది. ఇంటికొచ్చాక ఆ కోపం మీద కోపం వచ్చింది. మనసులోంచి వచ్చిన నొప్పైతే అది నొప్పి కాకుండా పోతుందా? ఆ ప్రశ్నని అవమానంగా తీసుకున్నానంటే, మనసు నొప్పి దొంగ నొప్పి అని నేనూ ఒప్పుకున్నట్టేగా. నరాల స్పీడు చూసే పరీక్ష చేయించారు, అదీ నార్మల్. ‘ఇప్పటికైతే నాకు తెలీట్లేదు. ఏ బట్టకి, ఏ టైముకి ఎక్కువుందో రాసుకుని మూడు వారాల్లో రండి’ అన్నారు. ‘రండి’ అన్న ఆ ఒక్క మాట పట్టుకుని మూడు వారాలు గడిపాను.

ఇక మే నెల. హైదరాబాదులో మే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మా పడగ్గదిలో ఏసీ గాలి సరిగ్గా మంచం మీదికే కొడుతుంది. కాబట్టి ఫ్యానూ ఏసీ రెండూ బంద్. పాపని హాల్లో కూలర్ ముందు పడుకోబెట్టి, నా భార్య మాత్రం ఈ గదిలోనే, చెమటలు కక్కుకుంటూ. ఒకరాత్రి నిద్రపట్టక ఇద్దరం పైకప్పు చూస్తూ పడుకున్నాం. ‘ఒకటి చెప్పనా, కోపం తెచ్చుకోకు. నాకు పూర్తిగా నమ్మకం కుదరట్లేదు. నువ్వు అబద్ధం చెప్పవని తెలుసు. అయినా కుదరట్లేదు’ అంది. మూడురోజులు నేను తనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ మూడురోజులూ కూడా ఫ్యాన్ తిరగలేదు.

నాలుగోరోజుకి ఇది వెలిగింది. నమ్మకం స్విచ్ కాదు. బయట వాన పడట్లేదని తెలిసినప్పుడు, లక్ష రూపాయలిస్తాను పడుతోందని నమ్ము అంటే మాటవరసకి నమ్ముతున్నానంటారు తప్ప నమ్మలేరు. మరి చేతిలో లేనిదాన్ని బాకీ లాగా ఎలా వసూలు చేస్తాం? కానీ ఫ్యాను స్విచ్ గోడ మీదే ఉంది. దాన్ని ఆపడం చేతిలోనే ఉంది. విట్గెన్‌స్టైన్ అదే పుస్తకంలో ఇంకోచోట, ఎదుటివాడికి ప్రాణం, మనసు ఉన్నాయన్నది మనం వాదించి తేల్చుకున్న అభిప్రాయం కాదని, అతని పట్ల మనం మసలుకునే తీరు అని ఒక తేడా చూపిస్తాడు. అది చదివి పదిహేనేళ్ళైంది గానీ, అర్థమైంది మాత్రం ఉక్కపోతలో. వెల్‌నెస్ ఆయన నన్ను నమ్మాడు, నా కోసం ఏమీ చెయ్యలేదు. తను నమ్మలేదు, ఫ్యాన్ ఆపింది.

అయితే ఇక్కడితో నాకు తృప్తి కలిగిందా అంటే, లేదు. అది కూడా రాయాలి. ఫ్యాన్ ఆపితే నా చర్మానికి సరిపోయింది, నాకు సరిపోలేదు. తను నమ్మాలి. అడిగే హక్కు లేదని పైన నేనే రాశాను, అయినా నాకు కావాలి. ఈ రెంటినీ ఎలా కలపాలో తెలియక అలాగే వదిలేస్తున్నాను.

జులైలో బయాప్సీ చేశారు. ఇది అన్నిచోట్లా చెయ్యరు, కొంచెం వెతకాలి. చీలమండకి 10 సెంటీమీటర్ల పైన ఒకచోట, తొడ దగ్గర ఒకచోట 3 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీస్తారు. రంగు వేసి, పైపొరలోకి వచ్చే సన్నని నరాల పోగుల్ని మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. నరాల్లో లావువి, సన్నవి ఉంటాయి. స్పర్శని మోసే లావు నరాల్లో కబురు చాలా వేగంగా, సెకనుకి పదుల మీటర్లు పోతుంది. మంట, వేడి కబుర్లు తెచ్చే అతి సన్న నరాల్లో సెకనుకి అర మీటరు నుంచి రెండు మీటర్లే, అంటే మనం నడిచినంత. కాలి బొటనవేలు గడపకి కొట్టుకున్నప్పుడు ముందు ఒక పోటు, ఒక క్షణం ఆగి నిదానంగా అసలు మంట వచ్చేది అందుకే. నాకు అంతకుముందు చేసిన నరాల స్పీడు పరీక్ష లావు నరాల్ని మాత్రమే కొలుస్తుంది. సన్నవి దాని లెక్కలోకే రావు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే డ్యాష్‌బోర్డు అంతా పచ్చగా ఉంది, ఎందుకంటే తగలబడుతున్న సర్వరు ఆ డ్యాష్‌బోర్డులోనే లేదు. ‘నార్మల్’ అన్న మాటకి ‘మేము చూసినంతలో’ అన్న తోక ఒకటుంటుంది. ఎవరూ పైకి చెప్పరు.

రిపోర్టులో నరాల పోగులు ఉండాల్సినదానికన్నా తక్కువున్నాయి. స్మాల్ ఫైబర్ న్యూరోపతీ అన్నారు. కారణం అన్నచోట ‘ఇడియోపతిక్’ అని రాసుంది. తెలీదు అనడానికి డాక్టర్లు వాడే మాట అది. డిక్షనరీ తీసి చూశాను. గ్రీకులో ఇడియోస్ అంటే సొంతం, ఒక్కడిది. పాథోస్ అంటే బాధ. ఇడియట్ అన్న మాట కూడా ఆ మొదటి ముక్కలోంచి పుట్టిందే, అది వేరే సంగతి. మొత్తానికి అన్ని పరీక్షలూ అయ్యాక నాకు వచ్చిన జవాబుకి మాటకి మాట అర్థం ‘నీ సొంత బాధ’. పురుగుని పెట్టెలోనే పెట్టి, మూత మీద లేబులు అతికించి ఇచ్చారు.

అయినా ఆ లేబులు చేసిన పని చూడాలి. స్ట్రెస్ అన్న బంధువులు తోటకూర తినమంటున్నారు. మేనేజరు వర్క్ ఫ్రమ్ హోమ్ తనే ఇచ్చాడు. నా భార్య ఆ కాగితం రెండుసార్లు చదివి, వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆ కాగితానికి ముందూ తర్వాతా నా చేతిలో వీసమెత్తు తేడా లేదు. రాత్రిపూట ప్రెగాబలిన్ వేసుకుంటున్నాను, ఐదు కాస్తా మూడున్నర అయింది. ఈ అంకెలు నిజమైనవే.

ఆ ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను. నా సంగతి చెప్పి, నాయనమ్మది కూడా ఇలాంటిదే అయ్యుంటుందమ్మా, షుగరు వల్ల, నరాలు, మందులు కూడా ఉన్నాయి అన్నాను. అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు. కట్ అయిందేమో అనుకున్నాను.

‘అప్పుడు నాకు ఎవరు చెప్పారు నాన్నా’ అంది. తర్వాత, ‘రాత్రిళ్ళు ఆ తువ్వాలు ఆరిపోయేది. ఆవిడ లేవలేదు కదా. రెండింటికోసారి, నాలుగింటికోసారి నేనే లేచి తడిపి చుట్టేదాన్ని. తిట్టుకుంటూనే చుట్టేదాన్ని. ఈవిడ వేషాలు భరించలేక చస్తున్నానని మీ నాన్నతో అనేదాన్ని’ అంది.

నాకు ఆ సంగతి తెలీదు. నేను పక్క గదిలోనే పడుకునేవాణ్ణి.